పచ్చికర్రతో కట్టిన కప్పులు



మన ఊళ్లో ఎవరైనా ద్వారబంధం చేయించాలని నిన్న మొన్న కొట్టిన మానును వడ్రంగి ముందు పెడితే ఆయన ఉలి తియ్యడు. "పచ్చికర్రండీ. ఆరాక వంకర పోతుంది, బీటలు తీస్తుంది, తలుపు పట్టదు. నీడపట్టున పెట్టి ఏడాది ఆగండి" అంటాడు. అనుభవం మీద చెప్పిన మాట అది. టేకైనా, మద్దయినా, వేపయినా కోయించి, పేర్చి, గాలి ఆడేలా మధ్య మధ్య పుల్లలు పెట్టి, ఆరాకే పనిలోకి దిగడం మన పద్ధతి. టేకు సంగతిలో ఇంకా ముందే జాగ్రత్త పడేవారు. బర్మాలోనూ, మన దేశపు టేకు అడవుల్లోనూ చెట్టు మొదట్లో చుట్టూ లోతుగా గాటు పెట్టి, అది నిలువునా ఎండిపోయేలా రెండు మూడేళ్లు వదిలేసి, ఆ తర్వాత నరికేవారు. పచ్చి టేకు నీళ్లలో తేలదు. ఎండితేగాని తెప్ప కట్టి నదిలో దిగువకు వదలడం కుదరదు.

ఇవాళ నేను చెప్పబోయేది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. ఇంగ్లండులో, ఫ్రాన్సులో వందల ఏళ్లపాటు పెద్ద పెద్ద కట్టడాల చట్రాలను పచ్చికర్రతోనే కట్టారు. కొట్టి ఏడాది కూడా తిరగని ఓక్ మాను, ఉలి దింపితే చెమ్మ తగిలే కర్ర. దాంతో కట్టిన ధాన్యపు కొట్టాలు, చర్చి కప్పులు, రాజసభలు ఏడెనిమిది వందల ఏళ్లుగా నిలిచివున్నాయి. ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో క్రెసింగ్ టెంపుల్ అనే చోట టెంప్లర్లనే క్రైస్తవ యోధులు 13వ శతాబ్దిలో కట్టించిన రెండు కొట్టాలున్నాయి. ఒకటి బార్లీకి, ఒకటి గోధుమకు. ఇప్పటికీ లోపలికి వెళ్లి ఆ స్తంభాల మధ్య తిరగవచ్చు. పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చి కప్పు 2019లో కాలిపోతే, ప్రధాన మందిరం మీద, బలిపీఠం వైపు భాగం మీద కప్పు చట్రాన్ని తిరిగి పచ్చి ఓక్‌తోనే, గొడ్డలితో చెక్కి నిలబెట్టారు. డబ్బు లేక కాదు, యంత్రాలు లేక కాదు. ఎందుకలా చేశారన్నదే నా ప్రసంగ విషయం.

ముందు ఆ కర్ర గుణం చెప్పుకోవాలి. కొట్టిన వెంటనే ఓక్‌లో ఉండే నీటి బరువు, పూర్తిగా ఎండిన కర్ర బరువులో సగానికి పైనే ఉంటుంది. ఒక్కోసారి ఎనభై తొంభై శాతం దాకా పోతుంది. ఆ నీరు తొందరగా వదలదు. మందం అంగుళానికి ఏడాది చొప్పున ఆరుతుందని అక్కడి పనివాళ్ల మోటు లెక్క. పది అంగుళాల దూలం ఆరాలంటే పదేళ్లు కావాలి. అన్నాళ్లు ఆగి చూసినా సుఖం లేదు, ఎండిన ఓక్ చేవ ఇనుములా బిగుసుకుపోతుంది. చేతి పనిముట్లతో దాన్ని తొలవడం నరకం. పచ్చిగా ఉన్నప్పుడు మాత్రం అదే కర్ర ఉలికి మెత్తగా లొంగుతుంది. అందుకే ఆ దేశాల వడ్రంగి ఎండే వరకు ఆగడం మానేసి, ఎండేటప్పుడు కర్ర ఏం చేస్తుందో ముందే లెక్కగట్టుకోవడం నేర్చుకున్నాడు.

ఆ లెక్కకు ఆధారం ఒక్కటే. కర్ర అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. పొడవులో దాదాపు ఏమీ తగ్గదు. అడ్డంగా తగ్గుతుంది. అందులోనూ నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు తగ్గేదానికంటే, వలయాల వెంట చుట్టూ తగ్గేది సుమారు రెట్టింపు. ఈ తేడా వల్లే బీటలు తీస్తుంది. దూలం పొడవు మారదు కాబట్టి ఇంటి కొలతలు మారవు. బీట నార వెంటే పోతుంది కాబట్టి నార తెగదు, బలం పెద్దగా తగ్గదు. పాత ఇంగ్లిష్ ఇళ్లలో దూలం పొడవునా వేలు దూరే బీటలు కనిపిస్తాయి. కొత్తగా చూసేవాళ్లు కంగారుపడతారు. ఆ చట్రం మాత్రం ఆ బీటలతోనే వందల ఏళ్లుగా బరువు మోస్తూ ఉంది.

పచ్చిగానే వాడారని మనకెలా తెలుసు? చెట్టు వలయాలు చెబుతాయి. ఏడాదికొక వలయం చొప్పున పెరుగుతుంది. వానలు పడ్డ ఏడాది వెడల్పుగా, కరువు ఏడాది సన్నగా ఉంటుంది. ఆ వెడల్పుల వరసను తెలిసిన వరసలతో పోల్చి ఏ వలయం ఏ ఏటిదో పట్టుకుంటారు. బెరడు దాకా చెక్కకుండా వదిలిన దూలం దొరికిందంటే, దాన్ని ఏ ఏడు, ఏ కాలంలో నరికారో కూడా చెప్పగలరు. కట్టడం లెక్కలు రాతలో మిగిలిన చోట రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, నరికిన ఏడాదో మరుసటి ఏడాదో చట్రం ఎక్కినట్టు మళ్లీ మళ్లీ తేలింది. మధ్యయుగాల వాళ్లు మానును ఏళ్ల తరబడి నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి వాడారని చాలాకాలం ప్రచారంలో ఉన్న మాట నిజం కాదని పరిశోధకులు తేల్చారు.

నోత్ర్‌దామ్ కప్పు కింద చీకట్లో ఉన్న ఆ దూలాల సముదాయాన్ని ఫ్రెంచివాళ్లు "అడవి" అని పిలుచుకునేవారు. అంత కర్ర అది. కాని ఆ అడవికి నరికినవి మహావృక్షాలు కావు. ఫ్రెడెరిక్ ఎపో అనే పరిశోధకుడు లెక్క వేసి చూపించాడు. 13వ శతాబ్దిలో ఆ కప్పుకు పట్టింది సుమారు వెయ్యి చెట్లు. వాటిలో నూటికి తొంభై ఏడు వంతులు పాతిక ముప్ఫై సెంటీమీటర్ల లావు మించనివి, సన్నగా, నిటారుగా పెరిగినవి, సగటున అరవై ఏళ్ల వయసువి. ఒక చెట్టుకు ఒక దూలం, అంతే. లావుపాటి మానును కోసి నాలుగు దూలాలు తీయడం వాళ్ల పద్ధతి కాదు. దట్టంగా పెరిగిన అడవిలో వెలుతురు కోసం పోటీపడి పైకి సాగిన చెట్టును ఎంచుకుని, నాలుగు పక్కలా గొడ్డలితో చెక్కి, నడిబొడ్డు దూలం మధ్యలోనే ఉండేలా చూసుకునేవారు. నడిబొడ్డు మధ్యలో ఉంటే కర్ర ఎండేటప్పుడు నాలుగు వైపులా సమంగా లాగుతుంది, దూలం మెలి తిరగడం తగ్గుతుంది.

ఈ చెక్కడం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. దుంగను రెండు దిమ్మెల మీద ఎత్తిపెట్టి, కదలకుండా ఇనుప కొక్కేలు కొడతారు. రెండు కొసల మీద గుండుదారం పట్టి నిలువు గీత గీస్తారు. ఆ గీతలను కలుపుతూ రంగు దారం సాగదీసి టప్పున వదులుతారు, దుంగ పొడవునా గీత పడుతుంది. తర్వాత గొడ్డలితో ఆ గీత దాకా అడుగడుగునా గాట్లు వేసి, గాటుకూ గాటుకూ మధ్య కర్రను పెచ్చులుగా ఎగరగొడతారు. చివరికి ఒక పక్క మాత్రమే పదును ఉండే వెడల్పు గొడ్డలితో గీత వెంట పైనుంచి కిందికి చదును చేస్తారు. రంపం నారను పట్టించుకోకుండా తిన్నగా కోసుకుంటూ పోతుంది. గొడ్డలి నారను అనుసరిస్తుంది. చెట్టు కాస్త వంగి ఉంటే దూలమూ ఆ వంపుతోనే దిగుతుంది, నార మాత్రం కొస నుంచి కొస దాకా తెగదు. తెగని నార బరువును బాగా మోస్తుంది. గొడ్డలి చెక్కడం అందం కోసం చేసిన ముచ్చట కాదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇక అతుకు. కుసి, బెజ్జం మన వడ్రంగానికీ కొత్త కాదు. ఒక కర్ర కొసను సన్నం చేసి కుసి తీస్తాం, రెండో కర్రలో బెజ్జం తొలుస్తాం, రెండూ కలిపి చీల కొడతాం. పచ్చి ఓక్ పనివాడు ఇక్కడ ఒక చిన్న మార్పు చేస్తాడు. చీల కన్నం బరమాతో ముందు బెజ్జం ఉన్న కర్రకు వేస్తాడు. కుసిని లోపలికి దూర్చి, ఆ కన్నం కుసి మీద ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టి, మళ్లీ బయటికి తీస్తాడు. కుసికి కన్నం ఆ గుర్తు మీద వేయడు. రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి, కుసి మొదలు వైపుకు జరిపి వేస్తాడు. ఇప్పుడు రెండూ కలిపితే కన్నాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుపడవు. ఆ వంకర దారిలో కొస సన్నగా చెక్కిన చీలను సుత్తితో దింపుతుంటే, చీల వంగుతూ కుసిని లోపలికి లాగుతుంది. అతుకు బిగుసుకుని సందు మూసుకుపోతుంది. చీల మాత్రం ఎండిన ఓక్‌ది. రంపంతో కోసింది కాదు, నార వెంట చీల్చి చెక్కింది. ఏళ్లు గడిచేకొద్దీ చుట్టూ ఉన్న పచ్చికర్ర ఎండి, తగ్గి, అప్పటికే ఎండి ఉన్న చీల మీద బిగుస్తుంది. వంగి ఉన్న చీల లాగుతూనే ఉంటుంది కాబట్టి, కర్ర తగ్గినా అతుకు వదులు కాదు. చీలల కొసలు కొంచెం బయటికి వదిలేస్తారు, తర్వాతెప్పుడైనా మళ్లీ ఓ దెబ్బ వేయడానికి.

ఇనుప మేకు ఎందుకు కొట్టరని అడగవచ్చు. పచ్చి ఓక్‌లో పులుపూ వగరూ ఎక్కువ. మామూలు ఇనుము తగిలితే కర్ర నీలి నలుపుకు తిరుగుతుంది, ఇనుము తినేసుకుపోతుంది. ఇప్పటివాళ్లు తప్పనిసరైన చోట తుప్పుపట్టని స్టీలు వాడుతున్నారు.

చట్రం మొత్తం ముందు నేల మీదే పేర్చి చూసుకునేవారు. చెట్లు వంకర టింకరగా ఉంటాయి కాబట్టి ఏ కుసి ఏ బెజ్జానికి చెక్కారో దానికే పడుతుంది. అందుకే ప్రతి అతుకు దగ్గర రెండు కర్రల మీదా ఒకే అంకె గుర్తు ఉలితో కొట్టేవారు. రోమన్ అంకెలను పోలిన గీతలు అవి. పాత కొట్టాల్లో ఇవాళ్టికీ కనిపిస్తాయి. ఇలా పేర్చి, విప్పి, బండ్లెక్కించి, కట్టే చోటికి తోలుకెళ్లేవారు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ హాలు కప్పు అలాగే వచ్చింది. రెండో రిచర్డ్ రాజు 1390లలో హ్యూ హెర్లండ్ అనే వడ్రంగికి అప్పగించిన పని అది. ఫార్న్‌హామ్ అనే ఊరి దగ్గర చట్రం తయారుచేసి, బండ్ల మీదా, తర్వాత నది మీదా లండన్ చేర్చారు. హాలు వెడల్పు ఇరవై మీటర్ల పైన. మధ్యలో ఒక్క స్తంభం లేదు. ఆ కాలంలో అంత వెడల్పును కర్రతో దాటించినవాడిని రాజుగారి పేరుకంటే ముందు తలుచుకోవాలి.

చీలలతో బిగించినదాన్ని చీలలు కొట్టి విప్పవచ్చు కూడా. లండన్‌లో జేమ్స్ బర్బేజ్ 1576లో ఒక నాటకశాల కట్టించాడు. స్థలం ఆసామితో కౌలు తగాదా వచ్చింది. 1598 డిసెంబరు చివర్లో బర్బేజ్ కొడుకులు, పీటర్ స్ట్రీట్ అనే వడ్రంగిని, పనివాళ్లను వెంటబెట్టుకొచ్చి నాటకశాలను విప్పేసి కర్ర మోసుకుపోయారు. మరుసటి ఏడాది థేమ్స్ నదికి దక్షిణాన ఆ కర్రతో లేచిందే గ్లోబ్ నాటకశాల. షేక్‌స్పియర్ నాటకాలు ఎన్నో అక్కడ ఆడారు. దానికి నమూనాగా 1997లో లండన్‌లో తెరిచిన కొత్త గ్లోబ్‌ను కూడా పచ్చి ఓక్‌తో, కర్ర చీలలతోనే కట్టారు.

నోత్ర్‌దామ్‌కు వద్దాం. 2019 ఏప్రిల్ 15 సాయంత్రం ఆ కప్పు అంటుకుంది. 19వ శతాబ్దిలో వియొలే లె దుక్ అనే ఆర్కిటెక్టు కట్టించిన శిఖరం విరిగి, కింది రాతి కమానులను చీల్చుకుంటూ పడింది. ఎనిమిది వందల ఏళ్ల కర్ర ఒక్క రాత్రిలో పోయింది. వారం తిరక్కుండానే కొత్త కప్పు ఎలా ఉండాలన్న చర్చ మొదలైంది. గాజుతో వేద్దామన్నారు, స్టీలుతో వేద్దామన్నారు, పైన తోట పెడదామన్నవాళ్లూ ఉన్నారు. 2020 జూలైలో, ఉన్నది ఉన్నట్టుగానే కట్టాలని నిర్ణయం జరిగింది.

నిర్ణయం సరే, చేయాలంటే కొలతలుండాలి, చేతులుండాలి. కొలతలున్నాయి. రెమీ ఫ్రొమొఁ, సెద్రిక్ త్రాంతెసో అనే ఇద్దరు ఆర్కిటెక్టులు 2014లో తమ చదువులో భాగంగా ఆ అటక మీదికెక్కి, దూలం దూలం కొలిచి గీశారు. అగ్నిప్రమాదానికి అయిదేళ్ల ముందు. అప్పటికి ఆ పని ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే చెప్పడానికి వాళ్ల దగ్గర పెద్ద కారణం ఉండి ఉండదు. చేతులూ ఉన్నాయి. బర్గండీ ప్రాంతంలో గెదెలొఁ అనే చోట 1990ల చివరి నుంచి, 13వ శతాబ్ది పద్ధతుల్లోనే ఒక కోటను మెల్లగా కడుతున్నారు. గొడ్డలితో చెక్కడం అక్కడ నేర్చుకున్న వడ్రంగులు కొందరు నోత్ర్‌దామ్ పనికి వచ్చారు. 'సరిహద్దుల్లేని వడ్రంగులు' అనే సంఘం వాళ్లు 2020లో కప్పును మోసే త్రికోణపు చట్రాల్లో (ట్రస్సుల్లో) ఏడో నంబరుదాన్ని పాత పద్ధతిలో చేసి, సెప్టెంబరులో చర్చి ముందు జనం చూస్తుండగా తాళ్లతో చేతులతో లేపి నిలబెట్టారు. చెయ్యగలమని అలా చూపించారు.

తర్వాత అసలు పని సాగింది. శిఖరానికి కావలసిన పెద్ద చెట్లను 2021 మార్చిలో, చెట్టులో రసం పైకెక్కకముందే నరకడం మొదలుపెట్టారు. శిఖరపు కర్రను కొన్ని నెలలు ఆరబెట్టారు. ప్రధాన కప్పు దూలాలను మాత్రం పచ్చిగానే చెక్కారు. ఆల్సాస్ కమ్మరులు పాత పనిముట్ల అచ్చులో గొడ్డళ్లు కొట్టిచ్చారు, గొడ్డలి గుర్తులు కూడా పాత దూలాల మీది గుర్తుల్లాగే పడాలని. మొత్తం సుమారు రెండు వేల ఓక్ చెట్లు పట్టాయి. 2024 డిసెంబరు 7న చర్చి తలుపులు తిరిగి తెరిచారు.

చెట్లు నరకడంపై అభ్యంతరాలొచ్చాయి. వేలమంది సంతకాలు పెట్టారు. చెట్టంటే ప్రేమున్నవాళ్ల బాధను నేను తేలిక చేయను. అయితే ఆ ఓక్ అడవుల్లో కొన్ని, వందల ఏళ్ల కింద నావల కోసమని ప్రణాళిక ప్రకారం పెంచినవి. నరికినచోట మళ్లీ పెంచుతూ వచ్చారు కాబట్టే 21వ శతాబ్దిలో కోరిన పొడవున్న మాను దొరికింది. కాలిపోయినదాన్ని మళ్లీ కర్రతోనే కట్టడం తెలివేనా అని కూడా అడిగారు. లావు దూలానికి నిప్పంటుకుంటే పైన మసిబొగ్గు పొర కడుతుంది. ఆ పొర లోపలి కర్రను కొంతసేపు కాపాడుతుంది. ఎవరూ చూడనప్పుడు రాజుకున్న మంట అంతకు మించిపోతే ఏదీ ఆగదు. అందుకే కొత్త కప్పులో నీటి తుంపర చల్లే ఏర్పాటు, మంట ఒక భాగం నుంచి మరో భాగానికి పోకుండా అడ్డుగోడలు పెట్టారు. ఉన్నది ఉన్నట్టు కట్టారంటే బుద్ధి కూడా పాతదే వాడారని కాదు.

నా మటుకు నాకు ఆ నిర్ణయం సరైనదే. స్టీలు కప్పు వేసివుంటే చర్చికి కప్పు వచ్చేది. పచ్చికర్ర గుణం తెలిసిన ఇన్ని జతల చేతులు ఆ దేశంలో తయారయ్యేవి కావు.

ఇప్పుడు మన మాట. పచ్చికర్రతో ఇళ్లు కట్టమని నేను మీకు చెప్పడం లేదు. మన కర్ర వేరు, మన ఎండ వేరు, మన చెదలు వేరు. ఆరిన కర్రతో పని చేసే మన పద్ధతి మన నేలకు సరిపోయిందే. కాని గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిళ్లు, తెలంగాణ గడీలు ఏటికేడు నేలమట్టమవుతున్నాయి. టేకు స్తంభాలూ దూలాలూ ఊరు దాటి హోటళ్లకు, రిసార్టులకు అలంకారంగా పోతున్నాయి. కుసి ఎలా తీశారో, మండువా మూల దగ్గర వాసాలను ఎలా కలిపారో, చూరు నీళ్లు దూలానికి తగలకుండా ఏం చేశారో ఎవరూ రాసిపెట్టుకోవడం లేదు. కూల్చడం చాలాసార్లు మన చేతిలో ఉండదు. అన్నదమ్ముల పంపకాలుంటాయి, అవసరాలుంటాయి. కొలవడం మన చేతిలో ఉంది.

మీ ఊళ్లో అలాంటి ఇల్లు విప్పుతున్నారని తెలిస్తే ఒక పూట ఆపించండి. టేపు పట్టి స్తంభం నుంచి స్తంభానికి, నేల నుంచి దూలానికి కొలతలు రాయండి. అతుకులు విప్పేటప్పుడు ప్రతి కుసినీ, ప్రతి బెజ్జాన్నీ ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ పని తెలిసిన పెద్ద వడ్రంగి ఒకాయన్ని పిలిచి, ఏ ముక్కను ఏమంటారో, ఏ కర్రో, ఎందుకలా చేశారో ఆయన నోటితోనే చెప్పించి రికార్డు చేయండి. ఊరి పేరు, తేదీ, ఆయన పేరు రాసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని, ఇంకొకటి దగ్గరలోని ఆర్కిటెక్చర్ కళాశాలకు ఇవ్వండి. ఆ కళాశాలల్లో చదువుకునే పిల్లలు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, మీ చదువుకు ఒక పాత లోగిలిని ఎంచుకోండి. పారిస్ అటక మీద కొలతలు తీసినవాళ్లూ అప్పటికి మీలా చదువుకుంటున్నవాళ్లే.